పూలస్టాండు వెనక జెండా

అమీర్‌పేట
జులై 29

అహ్మద్ భాయ్ గారికి,

వీర్రాజు నమస్కారాలు. నేను బాగున్నాను. మీ చెవులు ఎలా ఉన్నాయి? కొత్త మిషను పెట్టించామని మీ అమ్మాయి ఫౌజియా చెప్పింది. మీరు దాన్ని తీసి జేబులో వేసుకుంటున్నారని కూడా చెప్పింది. అందుకే ఫోను చేయలేదు. చేసినా నేను మాట్లాడేదేముంది. ఉత్తరమే నయం.

బోనాలు అయిపోయాయి. బల్కంపేట వీధిలో ఇంకా వేపమండలు అక్కడక్కడా ఉన్నాయి.

ఒక సంగతి. మా చెల్లెలి మనవరాలు రవళి మీకు తెలుసు కదా, కూకట్‌పల్లి పిల్ల. మైత్రీవనం వెనక టూర్ల ఆఫీసులో పని చేస్తోంది. అక్కడ పని చేసేవాళ్ళ ఇంట్లో పెద్దవాళ్ళు ఒకరికి టూరు సీటు ఇస్తారట, వంతులవారీగా. ఈ ఏడు రవళి వంతు. వాళ్ళ అమ్మానాన్నలకి సెలవు దొరకదు. నా పేరు ఇస్తానంది.

రెండు టూర్లు ఉన్నాయి. ఒకటి హిమాలయాలు. అక్టోబరులో ఎనిమిది రోజులు. గైడు వెంట ఉంటాడు. రెండోది ఓడ. చెన్నై రేవులో ఎక్కి ఐదు రోజులు సముద్రం మీద తిరిగి మళ్ళీ అక్కడే దిగడం. అది దీపావళి వెళ్ళాక. కాగితం మీద ‘శరత్కాల ఓడ విహారం’ అని వేశారు. రెండింట్లో ఒకటే. మళ్ళీ రవళి వంతు వచ్చేసరికి నాకు ఎనభై దాటతాయి. కాబట్టి ఒకసారే.

రెండు కాగితాలూ గోడకి అంటించాను. ఒకదాంట్లో మంచుకొండ, ఒకదాంట్లో తెల్ల ఓడ. మన పంజగుట్ట నూర్ స్టూడియోలో నేను వేసిన పరదాలు కూడా ఆ రెండే కదా. ఫోటోకి వచ్చినవాళ్ళని మీరు అడిగేవారు, వెనకాల కొండలు పెట్టాలా, ఓడ పెట్టాలా అని. ఇప్పుడు నన్ను అడుగుతున్నారు.

ఆగస్టు నెలాఖరులోగా చెప్పాలి. ఏది మంచిదంటారు?

వీర్రాజు


జహీరాబాద్
ఆగస్టు 4

రాజు భాయ్‌కు అహ్మద్ సలాం.

నీ ఉత్తరం చూసి పోస్ట్‌మ్యాన్ పరేషాన్ అయిండు, ఈ కాలంల ఉత్తరం ఎవరు రాస్తరు సాబ్ అని. మా దోస్తుకు నోరు లేదు, నాకు చెవులు లేవు, మా ఇద్దరికి గిదే ఫోను అని చెప్పిన.

గిది సుత అడిగే మాటనా? కొండలకు పో! నువ్వు కాకినాడోనివి. పుట్టిందే నీళ్ళ పక్కన. సముద్రమంటే నీకు మా గల్లీల నల్లా లెక్క. చూసినదాన్నే మళ్ళ చూడనీకి అంత మంచి సీటు ఖరాబ్ చేస్తవా?

నువ్వు స్టూడియోకు వచ్చిన రోజు యాదికున్నదా? నలభై మూడేండ్లయితుంది. పొద్దుగాల ముందు పోచయ్య వచ్చిండు, బల్కంపేట పోచయ్య. చెయ్యి మంచిది. నాకు ఓడ పరదా కావాలె, సముద్రం చూసినవా అని అడిగిన. “హుస్సేన్‌సాగర్ చూసిన సేట్” అన్నడు. నేను నవ్వి పంపించిన. గంట తర్వాత నువ్వొచ్చినవు, చంకల బ్రష్షుల సంచి. ఏ ఊరు అంటే “కాకినాడ దగ్గరండి” అన్నవు. అరే, అయితే సముద్రం చూసినోనివి అన్న. నువ్వు తల ఊపినవు. బస్, పని నీది.

ఆ ఓడ పరదా ముందు ఎంతమంది నిలబడ్డరు! ఎర్రమంజిల్ క్వార్టర్ల నుంచి కొత్త జంటలు, కృష్ణానగర్ నుంచి హీరోలం అయితమని వచ్చిన పోరగాళ్ళు. ఓడ ముందు ఫోటో దిగితే దుబాయ్ పోయొచ్చినట్టే ఉంటుండె. నీ కొండల పరదా మాత్రం ఎవ్వరు అడగకపోయిరి. ఎందుకో చెప్పనా? అది మంచు లెక్క లేదు భాయ్, పెరుగన్నం గిన్నె బోర్లించినట్టున్నది. ఇప్పుడు పోయి అసలు మంచు ఎట్లుంటదో చూసి రా. గైడ్ చెయ్యి పట్టుకొని తీస్కపోతడు. నువ్వు మాట్లాడే పని సుత లేదు.

మీ వదిన ఇమామ్ బీ బతికుంటే ఆమె సుత గిదే అంటుండె. ఫికర్ చేయకు, కొండలకు రాయించు.

అహ్మద్


అమీర్‌పేట
ఆగస్టు 11

అహ్మద్ భాయ్ గారికి,

మీ ఉత్తరం అందింది.

నిన్న రవళి నా గదికి వచ్చింది. “తాతయ్యా, కొండలకే రాసేస్తాను. సముద్రం నీకేం కొత్త, మీ వైపంతా అదే కదా” అంది. తల ఊపాను. కొండల జాబితాలో రాసుకుంది. ఊలు టోపీ ఒకటి తెచ్చింది, ఎర్రది. పెట్టుకుని చూపించమంది. పెట్టుకున్నాను. ఫోటో తీసుకుంది.

పెరుగన్నం సంగతి నిజమే. నాకూ తెలుసు.

కానీ ఓడ పరదా బాగుందని రాశారు. బాగుంటే దాని ముందు ఆ ఇత్తడి పూలస్టాండు ఎందుకు పెట్టేవారు? ఎప్పుడూ ఎడమ పక్కనే. సరిగ్గా నా జెండా ముందు. ఆ జెండాకి మడతలు రావడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఎవరి ఫోటోలోనూ కనపడలేదు. నేను స్టాండు పక్కకి జరిపితే మీరు మళ్ళీ తెచ్చి అక్కడే పెట్టేవారు. అప్పుడు అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను.

కొండలు కూడా మంచివే.

వీర్రాజు


జహీరాబాద్
ఆగస్టు 17

రాజు భాయ్,

నీ ఉత్తరంల కొండల మీద మూడు ముక్కలు, పూలస్టాండు మీద సగం కాగితం. యాత్రకు పోయేటోడు రాసే ఉత్తరమేనా అది? పాత కిరాయిదారు రాసినట్టున్నది.

స్టాండు సంగతి తర్వాత చెప్త. ముందు నువ్వు నాకు ఒక పని చేసిపెట్టు. మా ఫౌజియా బిడ్డ అఫ్షీన్‌కు బడిల సముద్రం మీద ఒక పేజీ రాసుకొని రమ్మన్నరంట. సముద్రం చప్పుడు ఎట్లుంటది నానా అని నన్ను అడిగింది. నాకు ఇంట్ల కుక్కర్ చప్పుడే ఇనపడదు, సముద్రం చప్పుడు యాడ తెలుస్తది? మా రాజు తాత సముద్రం కాడ పుట్టిండు, ఆయన రాస్తడు అని చెప్పిన. ఒడ్డు మీద నిలబడితే కాళ్ళ కింద ఎట్లుంటది? గాలికి నోట్ల ఉప్పు తగుల్తదా? అల వచ్చే ముందు చప్పుడా, వచ్చినంక చప్పుడా? జర నువ్వు చూసింది చూసినట్టు రాసి పంపు.

ఇంకొక మాట. నలభై మూడేండ్లల్ల నువ్వు ఒక్కనాడు సముద్రం ఊసు ఎత్తలేదు. ఊరోళ్ళు ఊరి ముచ్చట చెప్పుకోక ఉంటరా? నీకు మాటలు తక్కువే గని, మరీ అంత తక్కువనా?

అహ్మద్


అమీర్‌పేట
ఆగస్టు 22

అహ్మద్ భాయ్ గారికి,

అఫ్షీన్ పాపకి నేను రాయలేను.

రెండుసార్లు కూర్చున్నాను. మొదటిసారి, సముద్రం చప్పుడు చాలా పెద్దది, అని రాశాను. చింపేశాను. రెండోసారి కాగితం ముందు పెట్టుకుని ఊరికే కూర్చున్నాను. చిన్నపిల్లకి అబద్ధం రాయడానికి చెయ్యి రాలేదు.

నేను సముద్రం చూడలేదు.

మా ఊరు ఏలేశ్వరం అవతల. మెట్ట. ఎర్రమట్టి, జీడితోటలు. కాకినాడ దగ్గర అన్నది నిజమే, యాభై కిలోమీటర్లు. ఆ యాభై నేను ఎప్పుడూ పోలేదు. ఐదో తరగతి అయ్యాక నన్ను రాజమండ్రిలో బోర్డులు రాసే ఆయన దగ్గర పెట్టారు. అక్కడ గోదావరి చూశాను. అక్కడే రైలెక్కి ఇక్కడికి వచ్చాను. ఆ రోజు మీరు నన్ను అడగలేదు. సముద్రం చూసినోనివి అని మీరే అనేశారు. కాదండి అనాలి. నాకు ఎదుటి మనిషితో కాదండి అనడం అప్పుడు రాలేదు. తల ఊగింది. మీరు వెంటనే రంగులు తెప్పించారు. తర్వాత రోజూ చెబుదామనుకున్నాను. ఒక వారం దాటితే ఇక చెప్పే వీలు లేదు. అలా అయిపోయింది.

ఓడని అగ్గిపెట్టె మీద బొమ్మ చూసి వేశాను. నీళ్ళు గోదావరివి. జెండా మా బడి మీద పంద్రాగస్టుకి ఎగరేసింది. పొగ మా ఊరి బెల్లం పొయ్యిది. దేనికది చూసినట్టే వేశాను. అన్నీ కలిపి ఎక్కడా చూడలేదు.

మీరు పోచయ్య సంగతి గుర్తు చేశారు. నేను ఎప్పుడూ మరిచిపోలేదు. ఆయన ఉన్నది ఉన్నట్టు చెప్పాడు, పని పోయింది. నేను తల ఊపాను, పని వచ్చింది. బోనాలప్పుడు ఆయన వీధిలో కూర్చుని కుండలకి రంగులేస్తూ కనపడితే నేను వేరే సందులోంచి పోతాను.

మొన్న రవళి ముందు కూడా అదే తల ఊగింది. డెబ్భై రెండేళ్ళు వచ్చాయి. ఇంక చాలు.

కొండలు వద్దు. ఓడకే పోతాను. నేను వేసింది ఎలా ఉంటుందో నేను చూడాలి. ఈ ఉత్తరం డబ్బాలో వేసి అట్నుంచి అటే రవళి ఆఫీసుకి పోతున్నాను. మీ జవాబు కోసం ఆగడం లేదు. ఆగితే మళ్ళీ తల ఊపుతాను.

కోపం వస్తే కోపంగానే రాయండి. రాయడం మాత్రం మానకండి.

వీర్రాజు


జహీరాబాద్
ఆగస్టు 28

రాజు,

నీ ఉత్తరం చదివి ఎంత గట్టిగ నవ్విన్నో, ఫౌజియా వంటింట్లకెళ్ళి ఉరికొచ్చింది, ఏమైంది అబ్బా అని. నవ్వుడు అయినంక అద్దాలు తీసి కండ్లు తుడుచుకున్న. ఆమె అప్పుడు ఇంక భయపడ్డది.

నాకు తెలుసు రాజు. నువ్వు పరదా కట్టిన రెండో నాడే తెలిసింది.

రాఘవయ్య గారని ఒకాయన వచ్చిండు, విశాఖ రేవుల పని చేసి బదిలీ మీద ఎర్రమంజిల్‌కు వచ్చినాయన. భార్యతోని ఫోటో దిగనీకి వచ్చి పరదా చూసి కడుపు పట్టుకున్నడు. “ఇదేంటండీ బాబూ, ఒకే ఓడ మీద జెండా ఒక వైపు, పొగ ఒక వైపు! ఎన్ని గాలులండీ మీకు? ఇది వేసినాయన సముద్రం మొహం కూడా చూడలేదు” అన్నడు. నువ్వు లోపల రంగు కలుపుతున్నవు. నీకు ఇనపడకూడదని నేను గట్టిగ మాట్లాడిన. “మా పెయింటర్‌ది కాకినాడ. మీ వైజాగ్‌ల గాలి ఒక్క దిక్కు కొడ్తదేమో, కాకినాడల రెండు దిక్కుల కొడ్తది” అన్న. ఆయన ఇంక నవ్విండు.

తెల్లారి బేగంబజార్ పోయి ఆ ఇత్తడి పూలస్టాండు తెచ్చిన. పొగ పైన ఉన్నది, దాన్ని దేనితోని మూస్త? జెండా కింద ఉన్నది. జెండా ముందు పెట్టిన. నువ్వు జరిపినప్పుడల్ల మళ్ళ పెట్టిన. నా పెయింటర్‌ను చూసి ఇంకొకడు నవ్వొద్దు, అంతే.

ఎందుకు అడగలేదంటవా? ఇయ్యాల చెప్తడు, రేపు చెప్తడు అని చూసిన. దుకాణం మూసేసిన రోజు సుత చూసిన. మొన్న కొండలకు పో, కొండలకు పో అని పొడిచింది అందుకే. అఫ్షీన్ పాఠం సుత ఝూటే. దానికి బడిల సముద్రం లేదు, ఎక్కాలున్నయి. మాఫ్ చెయ్యి.

పోచయ్య మాట ఒకటున్నది. అది నీ తప్పు ఒక్కనిదే కాదు. నేను మాత్రం సముద్రం చూసిన్నా? నేను చూసింది సుత హుస్సేన్‌సాగరే. చూడనోణ్ణి చూసి చూడనోడే నవ్వి ఎళ్ళగొట్టిండు. నీ బరువుల సగం నాది.

ఇగ ఒక్కటే చెప్త. అన్ని ఫోటోలల్ల స్టాండు ఉన్నది గని ఒక్కదాంట్ల లేదు. ఒక ఈద్ నాడు ఇమామ్ బీ ఫోటో దిగుతనని దుకాణానికి వచ్చింది. “ఈ ఇత్తడి డబ్బా తియ్యండి, నాకు జెండా కావాలె” అన్నది. వద్దంటే ఇనలే. తానే జరిపింది. ఆ ఫోటో నా మంచానికి ఎదురుంగ ఉన్నది. ఫోటోల ఎడమ పక్క, ఆమె భుజం మీద జెండా ఎగురుతుంటది. తప్పు జెండానే. రోజు చూస్త.

ఓడకే పో. చూసి రా. కానీ వచ్చినంక ఆ జెండా దిద్దుత అని మాత్రం అనకు.

నీ అహ్మద్


అమీర్‌పేట
సెప్టెంబరు 9

అహ్మద్ భాయ్ గారికి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. పూలస్టాండు గురించి కోపంగా రాశాను. అది వెనక్కి తీసుకుంటున్నాను.

ఇక్కడి సంగతులు రాస్తాను.

ఆ రోజు రవళి ఆఫీసుకి వెళ్ళాను. నాలుగో అంతస్తు. కిటికీలోంచి మెట్రో రైలు మన కాళ్ళ కింద నుంచి పోతుంది. “ఏంటి తాతయ్యా, ఇలా వచ్చావు?” అంది.

“కొండలు కాదు. ఓడ” అన్నాను.

“అదేంటి, టోపీ కూడా కొన్నాను కదా!”

“ఓడలో పెట్టుకుంటాను.”

నా మొహం చూసి వాళ్ళ మేనేజరు దగ్గరికి తీసుకెళ్ళింది. వంశీకృష్ణ గారని మంచాయన. ఓడలో సీట్లు నిండిపోయాయన్నారు. నా పేరు కొండలకి పంపేశారట. “మీ వయసుకి గైడున్న టూరే మంచిదండి. ఓడలో ఎవరి దారి వాళ్ళదే. అయినా మీ వైపు వాళ్ళకి సముద్రం ఏముందండి, రోజూ చూసేదే కదా” అన్నారు.

“నేను చూడలేదండి” అన్నాను. గట్టిగా వచ్చిందనుకుంటాను, చుట్టుపక్కల బల్లల వాళ్ళంతా చూశారు. రవళి నోరు తెరుచుకుని నిలబడింది. కానీ అన్నాను.

ఎవరైనా మానుకుంటే ఫోను చేస్తామన్నారు. ఫోను వద్దు, నేనే వస్తానన్నాను. మర్నాటి నుంచి రోజూ పదకొండింటికి వెళ్ళి అక్కడ గోడకున్న ఓడ బొమ్మ కింద కూర్చున్నాను. ఎవరినీ ఏమీ అడగలేదు. నాలుగింటికి లేచి వచ్చేవాణ్ణి. వంశీకృష్ణ గారు మొదట మంచినీళ్ళు ఇచ్చారు. తర్వాత టీ ఇచ్చారు. రెండో వారంలో తన డబ్బాలో పులిహోర పెట్టారు. “మీరు వెళ్ళిపోండి అందామనుకుంటానండి, మీరేమీ అనకపోతే నేనేమనాలో తెలియట్లేదు” అన్నారు. పన్నెండో రోజున గుంటూరు వాళ్ళు ఎవరో మానుకున్నారు. నా పేరు రాశారు. డాక్టరు కాగితం అడిగారు. అదీ తెచ్చిచ్చాను.

ఇంకొకటి. చవితికి ముందు ఆదివారం బల్కంపేట వెళ్ళాను. పోచయ్య వినాయకుడి బొమ్మలకి రంగులేస్తున్నాడు. సందు మారలేదు. ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

“ఎవరూ? పంజగుట్ట స్టూడియో ఆంధ్రాయనవా? నలభై ఏండ్ల సంది నన్ను చూస్తే గల్లీ మారుస్తవు, ఇయ్యాల తొవ్వ తప్పినవా ఏంది?” అన్నాడు.

ఉన్నదంతా చెప్పాను. బ్రష్షు ఆపి విన్నాడు.

“అయితే నువ్వు సుత సముద్రం చూడలేదా?”

“లేదు.”

“గప్పటికి హుస్సేన్‌సాగరన్న చూసినవా?”

“అదీ చూడలేదు. ఆ పొద్దునే రైలు దిగాను.”

“అంటే నాకన్న తక్కువ చూసినోనివి నా పని కొట్టేసినవన్నట్టు!” అని దగ్గు వచ్చేదాకా నవ్వాడు. తర్వాత నవ్వలేదు. “గా రోజు పని దొరికిందనే మా ఇంటిదానికి చెప్పి వచ్చిన. వాపస్ పోయి ఏం చెప్పాలో తెల్వక చీకటి పడేదాక గుడి మెట్ల మీద కూసున్న” అన్నాడు. ఆ మాట అని వినాయకుడి తొండానికి రంగు రాస్తూ ఉండిపోయాడు. నేను కూడా అక్కడే కూర్చున్నాను. రెండు బొమ్మలు అయ్యాక అన్నాడు, “పోయి చూసి రా. వచ్చి నాకు చెప్పాలె. తల ఊపితే నడవదు.”

చెబుతానన్నాను.

జెండా సంగతి మీరు రాసినట్టే. దిద్దను.

వీర్రాజు


జహీరాబాద్
అక్టోబరు 12

రాజు భాయ్,

పన్నెండు రోజులు కుర్చీల కూసున్నవా! నేను నిన్ను పనిల పెట్టుకున్నది నీ చెయ్యి చూసి కాదు, నువ్వు కూసునే తీరు చూసి అని ఇప్పుడు అనుకుంటున్న.

ఓడ పరదా నా దగ్గర ఉన్నది, యాదికున్నదా? దుకాణం మూసినప్పుడు నేను తెచ్చుకున్న. ఇక్కడ బియ్యం బస్తాల మీద కప్పిండ్రు. నిన్న ఫౌజియాతోని కొట్లాడి తీసిన. దులిపిన, చుట్టిన. మా అల్లుడు ఒవైస్ బుధవారం పని మీద పంజగుట్ట వస్తడు, నీ గదిల పెట్టిపోతడు. ఎలకలు ఒక మూల కొరికినయి. ఓడకేం కాలే.

నువ్వు పోయేముందు ఒకసారి విప్పి మంచిగ చూస్కో. అక్కడికి పోయినంక అసలుది చూసి, ఏది ఏందో నాకు రాయి. పెద్ద ఉత్తరం రాయాలె. నాలుగు ముక్కలు రాస్తే వాపస్ పంపిస్త.

మందులు మరువకు. ఆ టోపీ పెట్టుకో.

అహ్మద్


చెన్నై
నవంబరు 3

అహ్మద్ భాయ్ గారికి,

ఓడ దిగి రైలు స్టేషనులో కూర్చుని రాస్తున్నాను. రైలుకి ఇంకా నాలుగు గంటలుంది. పెద్ద ఉత్తరం రాయమన్నారు. రాస్తాను.

మొదటి రోజు పైకి ఎక్కి నిలబడ్డాను. రేవు దగ్గర నీళ్ళు గిన్నెలు కడిగిన నీళ్ళలా ఉన్నాయి. కాసేపటికి ఆకుపచ్చ. మధ్యాహ్నానికి నల్లగా, నీలిమందు ముద్ద చేసినట్టు. నేను వేసిన రంగు ఎక్కడా లేదు. ఐదు రోజులూ వెతికాను. నాది గోదావరి రంగు కూడా కాదు, డబ్బాలో రంగు.

అలలు నేను వరసగా వేశాను, పెంకుల్లాగా. అక్కడ ఏ రెండూ ఒకలా లేవు. లెక్కపెడదామనుకుంటే ఏది ఎక్కడ మొదలయిందో తెలియదు.

నీళ్ళూ ఆకాశమూ కలిసే గీత ఉంటుంది కదా. పరదాలో దాన్ని మనుషుల మోకాళ్ళ దగ్గర గీశాను. అక్కడ కింది అంతస్తులో నిలబడితే అది నా కంటికి ఎదురుగా ఉంది. పై అంతస్తుకి వెళ్తే కిందికి పోతుందనుకున్నాను. పోలేదు. గీత కూడా నాతో ఎక్కింది. ఇంకో అంతస్తు ఎక్కాను. మళ్ళీ కంటి ఎదురుగానే. నాలుగుసార్లు దిగి ఎక్కాను. మోకాళ్ళు నొప్పి పుట్టాయి. నాతోపాటు వచ్చినవాళ్ళు ఏదో పోగొట్టుకున్నాననుకుని వెతికిపెడతామన్నారు.

ఓడ వెనక భాగంలో తాళ్ళు చుట్టే ఆయన ఒకరున్నారు, నెరిసిన మీసం. పేరు బుల్లబ్బాయి, ఉప్పాడ మనిషి. జెండా దగ్గర గంటసేపు నిలబడ్డానని పలకరించాడు.

“ఏ ఊరండీ?” అన్నాడు.

“ఏలేశ్వరం అవతల” అన్నాను.

“ఓహో, మెట్టోళ్ళా. అయితే సముద్రం కొత్తన్నమాట.”

ఊరి పేరు వినగానే అనేశాడు భాయ్. నలభై మూడేళ్ళలో ఎవరూ అనలేదు. “అవునండి, కొత్త” అన్నాను. తల ఊపలేదు. నోటితోనే అన్నాను. కళ్ళలో నీళ్ళు వచ్చాయి. గాలికనుకున్నాడు.

ఆయన్ని అడిగాను, జెండా ఎటు పోతుంది, పొగ ఎటు పోతుంది అని. “ఓడ నడుస్తుంటే రెండూ వెనక్కేనండి. చూడండి” అని చూపించాడు. జెండా వెనక్కి. పొగ గొట్టంలోంచి సన్నగా వస్తోంది, అదీ వెనక్కే. సాయంత్రం దాకా చూశాను. మర్నాడు కూడా చూశాను. ఓడ మలుపు తిరిగితే కాస్త పక్కకి పోయాయి. కానీ రెండూ కలిసే పోయాయి.

అప్పుడు గుర్తొచ్చింది. బయల్దేరే ముందు మీరు చెప్పినట్టు పరదా విప్పి చూసుకున్నాను కదా. అందులో ఓడ ముక్కు ఎటుంది? కుడి వైపు. ఓడ కుడికి పోతోంది. అంటే వెనక్కి అంటే ఎడమకి. జెండా ఎటుంది? ఎడమకి. పొగ ఎటుంది? కుడికి.

భాయ్, జెండా తప్పు కాదు. పొగ తప్పు.

రాఘవయ్య గారు ఒక వైపు అది, ఒక వైపు ఇది అన్నారు గానీ ఏది తప్పో చెప్పలేదు. మీకు తెలియదు. నాకు తెలియదు. మీరు సరైనదాన్ని ఇన్నేళ్ళు పూలస్టాండుతో మూసిపెట్టారు. తప్పుని అందరికీ చూపించారు.

వదినగారు స్టాండు తీయించింది సరైనదాని ముందు నుంచే. ఆమె ఫోటోలో పొగ వచ్చిందో లేదో నాకు తెలియదు. చూసి చెప్పండి. రాకపోతే ఆ ఒక్క ఫోటోలో ఏ తప్పూ లేదు.

ఇంకా రెండున్నర గంటలుంది. ఇంకేమీ లేదు రాయడానికి. టోపీ గాలికి పోయింది. సముద్రంలో పడింది. ఎర్రగా చాలా దూరం కనిపించింది.

వీర్రాజు


జహీరాబాద్
నవంబరు 8

రాజు,

చూసిన. ఫోటో గోడ మీదికెళ్ళి తీసి, అద్దాలు పెట్టుకొని, కిటికీ కాడ నిలబడి చూసిన. పొగ లేదు. గొట్టం ఆమె తల వెనక పోయింది, పొగ పైన కోసిన అంచుల పోయింది. జెండా ఒక్కటే ఉన్నది, ఎడమకు.

మళ్ళ గోడకు పెట్టి ఆమెకు చెప్పిన. నువ్వే కరెక్ట్ ఇమామ్ బీ, నేనే గాడిదను అని. చెవుల మిషన్ పెట్టుకొనే చెప్పిన, ఆమె ఏమన్న అంటే ఇనపడాలె కదా. ఫౌజియా తలుపు కాడ నిలబడి ఏడుస్తున్నది. దాని ఏడుపు ఇనపడ్డది నాకు. మిషన్ మంచిదే.

ఇప్పుడు అది తియ్యను చెవులకెళ్ళి.

ఆ పొగ దిద్దు.

అహ్మద్


అమీర్‌పేట
నవంబరు 19

అహ్మద్ భాయ్ గారికి,

పరదాని గదిలో కట్టడానికి చోటు చాలలేదు. మా ఇంటివాళ్ళ డాబా మీద రెండు కర్రలకి కట్టాను. కుడివైపు పొగ గీకేశాను. తెల్లరంగు రెండు పూతలు వేశాను, ఆరింది. కొత్త పొగ నేను వేయలేదు. బల్కంపేట వెళ్ళి పోచయ్యని తీసుకొచ్చాను.

మెట్లు ఎక్కడానికి చాలాసేపు పట్టింది. పరదా ముందు నిలబడి పైనుంచి కిందికి చూశాడు. “గిదేనా నా పని” అన్నాడు.

“ఇదే. పొగ నువ్వు వెయ్యి” అన్నాను. బ్రష్షు చేతికిచ్చాను.

“ఎటు?”

“ఎడమకి. జెండా ఎటుంటే అటు.”

బ్రష్షు ముంచాడు. ముంచి, గుడ్డకి ఆనించకుండా ఆగి నా వైపు తిరిగాడు.

“సముద్రం చూసినవా?”

“చూశాను” అన్నాను.

అప్పుడు వేశాడు. ఒకే చేత్తో, ఆపకుండా, ఎడమ చివరిదాకా. చెయ్యి ఇంకా మంచిదే భాయ్, మీరు అన్నట్టు.

ఆదివారం రండి. ఒవైస్ ఫోను తెస్తే చాలు, ముగ్గురం ఓడ ముందు నిలబడదాం. వదినగారి ఫోటో కూడా తీసుకురండి.

పూలస్టాండు తేవద్దు.

వీర్రాజు